మావాడి కేసులో తోడున్న వాళ్లందరికీ థాంక్స్

రాద్దామా వద్దా అని నెల నుంచి అనుకుంటున్నా, పిల్లాడి విషయం కదా, చివరికి వాడినే అడిగితే పేరు పెట్టకుండా రాసుకో అమ్మా అన్నాడు.

మా ఆయన 2014లో మావ్నీ ద్వారా (పౌరసత్వం లేకపోయినా, లీగల్‌గా ఉంటూ వాళ్లకి కావాల్సిన భాషలో వైద్యమో వస్తే చేర్చుకున్న పథకం) అమెరికా ఆర్మీలో చేరారు, ఆర్మీ బేస్ లోపలే ఉంటాం. సమ్మర్ హాలిడేస్‌లో మా 14 ఏళ్ల సుపుత్రుడు ఇంకో ఇద్దరితో కలిసి ఖాళీ క్వార్టర్ కిటికీ అద్దాలు పగలగొట్టాడు, ఎందుకురా అంటే ఎవరి రాయి గురి తప్పదో చూద్దామని అట. ఆయనేమో అప్పుడు డ్యూటీ మీద వేరే దేశంలో.

కౌంటీ జువెనైల్ కోర్టుకి ఫోన్ చేస్తే బేస్ లోపలి కేసు మాది కాదన్నారు, బేస్‌లో అడిగితే ఫెడరల్ ప్రాసిక్యూటర్ (అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం తరఫు లాయర్) చూస్తారన్నారు, ఆ మాట వినగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ముందు లాయర్ మేడంకి దండం. పాత కవర్ వెనకాల పెన్నుతో ఒక సున్నా గీసి చూపించారు, రాష్ట్రం ఎప్పుడో నేలతో పాటు అధికారం కూడా మొత్తం కేంద్రానికి ఇచ్చేసి ఉంటే ఈ గీత లోపల రాష్ట్రం కోర్టుకి పని లేదు, ఎల్లోస్టోన్ పార్కులో కూడా అంతే అన్నారు. ఫెడరల్ వాళ్లకేమో పిల్లల కోసం వేరే కోర్టులే లేవట! అందుకే ఫెడరల్ చట్టం 5032 సెక్షన్‌లో, రాష్ట్రం ఈ కేసు తీసుకోదు అనో ఇంకేదో గట్టి కారణం చూపించో ప్రభుత్వ లాయర్లు సర్టిఫై చేస్తే గానీ మైనర్ని ఫెడరల్ కోర్టుకి లాగకూడదని ఉందట, ఇలాంటి ఫెడరల్ నేల మీద జరిగి, ఎంత పడినా శిక్ష ఆర్నెల్లు దాటని చిన్నవాటికి మాత్రం అదీ అక్కర్లేదట, మావాడిది అలాంటిదైతే నేరుగా లాగేస్తారేమోనని నేను వణికింది అక్కడే. కానీ మేడం తవ్వి తీస్తే తేలిందేంటంటే మా బేస్ విషయంలో పిల్లల కేసులు రాష్ట్రం కూడా చూడొచ్చని కొన్నేళ్ల కిందటే ఒప్పందం అయిపోయింది, ఫోన్ ఎత్తినావిడకి తెలీదంతే. ఆ కాపీ పంపాక కౌంటీ వాళ్లు తీసుకుని డైవర్షన్‌లో పెట్టారు, అంటే విచారణ, శిక్ష లేకుండా చెప్పిన పనులు చేస్తే చాలు: అద్దాల డబ్బులు, సారీ లెటర్, 40 గంటల కమ్యూనిటీ సర్వీస్. వాడి లెటర్‌లో స్పెల్లింగులు నేనే దిద్దబోతే వద్దు, వాడి చేత్తో రాసిందే ఉండనివ్వండి అన్నారు మేడం.

పక్కింటి గుంటూరు అక్కకి ఏమని చెప్పను. కోర్టు వరండాలో మూడు గంటలు నా పక్కనే కూర్చుంది, ఒక్క సలహా ఇవ్వలేదు, పెరుగన్నం డబ్బా చేతిలో పెట్టి తిను అంది.

ఇంకో రెండు శనివారాలు పార్కులో ఆకులు ఊడిస్తే వాడి గంటలు అయిపోతాయి. అక్కా, నీ స్టీలు డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది, ఖాళీగా ఇవ్వలేక ఆపాను, ఆదివారం అరిసెలు వండి తెస్తా.