సాంఘికమా, పౌరాణికమా అని అడగకండి

సంపాదకులకు నమస్కారం.

కథల పోటీల నియమాల్లో తరచూ ఒక మాట కనిపిస్తోంది: సాంఘిక కథలే పంపాలి, పౌరాణికాలు తీసుకోరు. దానికి తోడు ఏ కథకాకథ ఒక్క పేజీలో ముగిసిపోవాలి. ఒడిశాలో ఉంటూ తెలుగులో రాసుకునే మా బోటివాళ్లకి ఈ రెంటితోనూ పేచీయే.

మా బరంపురం సంగతే చూడండి. రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి యాత్రకి అమ్మవారు గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు నేతవారి కులపెద్ద దేశిబెహరా గారి వీధి. వాళ్ల పూర్వీకులు తెలుగు నేల నుంచి వలస వచ్చినవాళ్లే. ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు ఘటాలు ఊరంతా తిరుగుతాయి. మొక్కుకున్నవాళ్లు రాముడో, శివుడో, పులో, ఏదో ఒక వేషం కడతారు. మిట్టమధ్యాహ్నం ఒంటినిండా నీలం పూసుకున్న శివుడు బడ్డీకొట్టు దగ్గర నిలబడి, మూతి రంగు చెరక్కుండా స్ట్రాతో మజ్జిగ తాగుతూ, ఆటో కిస్తీకి ఇంకో వారం గడువిమ్మని ఫోన్‌లో బతిమాలుతుంటాడు. దీన్ని ఏ పద్దులో వేస్తారు?

అలాంటి వీధిలోనే ఆస్తి తగాదాల వల్ల సొంత ఆడపడుచుని పిలవడం మానేసిన ఇల్లూ ఉంటుంది. ఒక కథ ఆ ఆడపడుచుది. ఇంకోటి ఆటో శివుడిది. మూడోది ఘటం మోసే ఆమెది. నాలుగోది, పుట్టిల్లు విడిచి తిరిగి గుడికి వెళ్లే అమ్మవారిదే ఎందుక్కాకూడదు? ఒక కథలో గుమ్మం దగ్గర కనిపించి పోయిన మనిషి ఇంకో కథకి నాయకుడవుతాడు. అన్నీ ఒక్క పేజీలో కుక్కితే ఊపిరాడదు, తలో పత్రికకీ పంపితే ముడి తెగిపోతుంది. విక్రమార్కుడి భుజమెక్కిన భేతాళుడి కథలతో పెరిగిన పాఠకులకి కథలోంచి కథ అంటే కొత్తేం కాదు కదా!

అలాగని సీతమ్మకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పించి, రావణుణ్ణి మేనేజర్ని చేసే కథలు అడగడం లేదు. వాటితో విసుగెత్తిపోయాం. గజపతి జిల్లా మహేంద్రగిరి మీద భీముడికీ, ధర్మరాజుకీ, కుంతికీ గుళ్లున్నాయి. పరశురాముడి తపస్సు అక్కడేనంటారు. శివరాత్రికి ఆ కొండెక్కుతూ మనవాళ్లు మాట్లాడుకునేది మాత్రం జీడిపిక్కల ధర గురించి, కోడలి కాన్పు గురించి. నేనడిగేది ఆ మాటల కథలు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడడంతో మద్రాసు ప్రెసిడెన్సీలోని బరంపురం ఇటొచ్చేసింది. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివే మా పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం కంటబడేది మీ ఆదివారం పుస్తకంలోనే. ఏడాదికి రెండుసార్లయినా, నాలుగేసి వారాలు ఒకే రచయిత ముడిపడ్డ కథలకి చోటివ్వండి. వాటిలో ఒడియా మాటలొస్తే కొట్టెయ్యకండి, మేం మాట్లాడే తెలుగు అదే. పారితోషికం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ వచ్చే పోటీ ప్రకటనలో 'సాంఘికం మాత్రమే' అన్న మాట వెయ్యకండి.

– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా