స్కాట్లాండ్ గోల్ఫ్ కోర్సుల ర్యాంకులు మార్చాం

మా కస్టమర్లకు ఇన్నాళ్లూ పంపిన స్కాట్లాండ్ జాబితాలో ఒక పొరపాటుంది. ఎంత కష్టమైన కోర్సయితే అంత పైన పెట్టాం. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, పెరిగేకొద్దీ ఆట బలహీనం) 18 దాటినవాళ్లకు ఆ కొలత పనికిరాదు. ఇకపై మూడే చూస్తాం: షాట్ ఎన్ని రకాలుగా ఆడొచ్చు, గాలి ఎన్ని దిక్కుల నుంచి తగులుతుంది, టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) నిజంగా దొరుకుతుందా.

మొదటిది రాయల్ డోర్నాక్. గ్రీన్లు (జెండా ఉండే నున్నటి గడ్డి భాగాలు) చాలావరకు గట్టు మీదుంటాయి, అంచున పడ్డ బంతి పక్కకు జారిపోతుంది. 14వ హోల్ ‘ఫాక్సీ’లో ఒక్క బంకర్ (ఇసుక గుంట) కూడా లేదు. అయినా అక్కడ పార్ (ఆ హోల్‌కి నిర్ణయించిన షాట్ల లెక్క) దొరికితే ఆ రోజుకి అది చాలు! ఇన్వర్నెస్‌లో బస చేయండి, గంట దూరం.

రెండోది సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్. ఆటపరంగా దీనికి సాటి లేదు, వెనకపడింది టీ టైమ్ వల్లే. ఆటకి రెండు రోజుల ముందు బ్యాలట్‌కి (లాటరీకి) పేర్లివ్వాలి. వస్తుందని మేం మాటివ్వలేం. ఆదివారం మామూలుగా ఆట ఉండదు. అందుకే ఒక్క రోజు నమ్ముకోకుండా, వరసగా మూడు రోజులు పేర్లు వేయండి.

మూడోది నార్త్ బెరిక్. 13వ హోల్‌లో గ్రీన్ ముందే రాతిగోడ. బంతి గోడకి ఆనుకుంటే పక్కకు తీయడమే మార్గం. 15వ హోల్ ‘రెడాన్’లో గ్రీన్ మననుంచి దూరంగా, ఎడమకు వాలి ఉంటుంది. జెండాకి గురిపెట్టకండి, ముందు కుడివైపు దించి దొర్లనివ్వండి.

ఇదివరకు మొదట ఉన్న కార్నూస్టీ ఇప్పుడు నాలుగు. 1999 బ్రిటిష్ ఓపెన్ టోర్నీలో మూడు షాట్ల ఆధిక్యంతో చివరి హోల్‌కి వచ్చిన ఫ్రాన్స్ ఆటగాడు వాన్ డె వెల్డ్ బ్యారీ బర్న్ అనే వాగు దగ్గర చిక్కుకుని ఆ హోల్‌కి 7 షాట్లు తీసుకున్నారు. వారాంతపు ఆటగాళ్లకు ఆ వాగు ఇంకెంత ఖరీదో ఆలోచించండి.

మ్యూర్‌ఫీల్డ్ అయిదు. మొదటి 9 హోల్స్ గడియారం దిక్కున, తర్వాతి 9 దాని లోపల ఎదురు దిక్కున తిరుగుతాయి, గాలికి అలవాటుపడే వ్యవధే ఉండదు. బయటివాళ్లకు మాత్రం కొన్ని రోజులే తెరుస్తారు.

ఎక్కడైనా ఒకటి గుర్తుంచుకోండి: లింక్స్ (సముద్రతీరపు ఇసుక నేల మీది కోర్సు) నేల గట్టిది. బౌన్స్ (అడుగు ఉబ్బు) ఎక్కువున్న సాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి కొట్టే కర్ర) నేలకి తగిలి పైకి లేస్తుంది, దాని అంచు బంతి నడుముకి కొట్టి గ్రీన్ దాటిస్తుంది. గ్రీన్ బయటి పొట్టి గడ్డి మీద పట్టరే (బంతిని నేలమీద దొర్లించే కర్ర) వాడండి.

పాత జాబితా చూసి కార్నూస్టీ బుక్ చేసుకున్నవాళ్లు మార్చుకుంటామంటే మా ఫీజు తీసుకోం. కోర్సుకి కట్టిన అడ్వాన్స్ వాపసు మాత్రం మా చేతిలో లేదు.