చిన్నీ, ఆ దస్తావేజులు చదివేముందు

చిన్నీ,

వర్జీనియా కౌంటీ కోర్టుల పాత రికార్డుల మీద ప్రాజెక్టు తీసుకున్నావన్నావు. బానిసల వేలంపాట పత్రాలతోనే సరిపెట్టుకోకు, తాకట్టు దస్తావేజులు కూడా తెరువు. అమెరికా అంతర్యుద్ధానికి ముందు అక్కడి కుటుంబాలు బానిసల్ని అమ్మడమే కాదు, ఇంట్లో ఉంచుకునే వాళ్ల మీద అప్పులు తెచ్చుకునేవి. మనిషిని ఎటైనా తీసుకెళ్లి అమ్మొచ్చు, పొలం కన్నా త్వరగా డబ్బవుతాడు. అప్పిచ్చేవాడికి కావలసింది అదే.

అక్కడ ఎక్కువగా కనిపించేది ముగ్గురి దస్తావేజు: బాకీదారు, అప్పిచ్చినవాడు, మధ్యలో ట్రస్టీ. మనుషులు బాకీదారు పొలంలోనే పనిచేస్తుంటారు, కాగితం మీద హక్కు ట్రస్టీది. గడువు తప్పితే అతను ప్రకటన ఇచ్చి వేలం వేస్తాడు, కోర్టు తీర్పు అక్కర్లేదు. ఆడవాళ్ల పేర్ల పక్కన ఇకపై కలిగే సంతానంతో సహా అని రాసి ఉంటే దాటిపోకు. బిడ్డకు తల్లి స్థితే వస్తుందని 1662లోనే వర్జీనియా చట్టం చేసింది, కాబట్టి ఇంకా పుట్టని బిడ్డ కూడా ఆ అప్పుకు హామీయే.

కూతురి పెళ్లికి ఇచ్చిన బానిసలు మామూలుగా అల్లుడి సొత్తయ్యేవాళ్లు, అతని అప్పులకు జప్తయ్యేవాళ్లు. అందుకే జాగ్రత్తపరుడైన తండ్రి వాళ్లను ట్రస్టీ పేర రాసి, కూతురి సొంత అనుభవానికి మాత్రమే అని షరతు పెట్టేవాడు. మిసిసిపీ 1839లో పెళ్లయిన ఆడవాళ్ల ఆస్తికి చట్టం చేసినప్పుడు, అందులో చాలా భాగం బానిసల గురించే. మన పసుపుకుంకుమ పొలం లాంటిదే అనిపిస్తుంది, రాసిచ్చింది మనుషుల్నని గుర్తొచ్చేదాకా.

యజమాని పోయాక అప్పులవాళ్లందరూ ఒక్కసారే వస్తారు. 1792 నుంచి వర్జీనియాలో బానిసలు చరాస్తి. మిగతా చరాస్తి చాలకపోతే వాళ్లనే అమ్మాలి, భూమి జోలికి ఆ తర్వాతే. పొలం వారసులకు నిలిచి, దాన్ని దున్నినవాళ్లు చెదిరిపోయిన కేసులు అందుకే అన్ని కనిపిస్తాయి.

ఒక్క కుటుంబాన్నే పట్టుకుంటే ఇదంతా తేటగా తెలుస్తుంది. 1757లో డేనియల్ పార్క్ కస్టిస్ వీలునామా రాయకుండా పోయాడు. భార్య మార్తాకు అతని ఆస్తిలో, బానిసలతో సహా, మూడో వంతు మీద జీవితకాల హక్కు వచ్చింది. అనుభవించొచ్చు, అమ్మడానికీ విడుదల చెయ్యడానికీ వీల్లేదు. ఆమె తర్వాత పెళ్లాడినది జార్జ్ వాషింగ్టన్‌ని. వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో 1799 నాటి బానిసల లెక్కలో 317 మంది, వాళ్లలో 153 మంది ఈ కస్టిస్ వాటా. వాషింగ్టన్ తనవాళ్లకు విడుదల రాశాడు, ఈ 153 మంది మీద అతనికి అధికారం లేదు. రెండు వాటాల మధ్య పెళ్లిళ్లు చాలా జరిగి ఉన్నాయి, అంటే భార్యకు స్వేచ్ఛ వచ్చి భర్తకు రాకపోవచ్చు. 1802లో మార్తా పోగానే ఆ వాటా ముగ్గురు మనవరాళ్లు, ఒక మనవడి మధ్య పంచారు.

ఆ మనవడు జార్జ్ వాషింగ్టన్ పార్క్ కస్టిస్ 1857లో చనిపోతూ అంతకన్నా వింతైన ఏర్పాటు చేశాడు. నలుగురు మనవరాళ్లకు తలా 10,000 డాలర్లు, ఎస్టేటు అప్పులు తీరడం, ఆ తర్వాత బానిసలకు విడుదల, అదీ అయిదేళ్లు మించకుండా. అమ్మాయిల సొమ్ముకు బానిసల స్వేచ్ఛనే హామీగా పెట్టాడన్నమాట. ఎగ్జిక్యూటర్, అంటే వీలునామా అమలు చేసేవాడు, కస్టిస్ అల్లుడు రాబర్ట్ ఈ. లీ, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యాధిపతి. కొందరిని బయట కూలికి అద్దెకిచ్చి డబ్బు పోగుచేశాడు, గడువు పొడిగించమని కోర్టుకూ వెళ్లాడు, పని కాలేదు. విడుదల పత్రం మీద తేదీ 1862 డిసెంబర్ 29. ముసలాయన పోగానే మాకు విడుదలేనని వాళ్లు నమ్మి ఉన్నారు. ఈ అయిదేళ్లలో పారిపోయినవాళ్లున్నారు, పట్టుబడి తెచ్చినవాళ్లున్నారు.

జార్జియాలో తాత ఆస్తికి వారసుడైన పియర్స్ బట్లర్ అప్పులపాలయ్యాక, 1859 మార్చిలో సవానా దగ్గర నాలుగు వందల మందికి పైగా వేలం వేశారు. అక్కడ షరతులు చూడు: మూడో వంతు రొక్కం, మిగతాది వడ్డీతో రెండు వార్షిక వాయిదాలు, కొన్న మనుషులే ఆ బాకీకి తాకట్టు. ఒక అప్పు తీర్చడానికి అమ్ముడైనవాళ్లు ఆ రోజే ఇంకో అప్పుకు హామీ అయ్యారు.

ఇక వెతికే పని. దస్తావేజుల సూచికలో బానిసల పేర్లుండవు. యజమాని, భార్య పుట్టింటి పేరు, ట్రస్టీ, మూడింటి కిందా చూడాలి. వీలునామా, ఆస్తి జాబితా, పంపకం, తాకట్టు, విడుదల పక్కపక్కన పెట్టుకుని, పేరుతో పాటు వయసూ తల్లి పేరూ సరిచూసుకో. ఒకే జాబితాలో ఇద్దరు మేరీలు మామూలే. 1850, 1860 జనాభా లెక్కల బానిసల పట్టికల్లో సాధారణంగా పేర్లే ఉండవు, వయసు, ఆడా మగా, రంగు అంతే. 1870 నుంచి పేర్లు దొరుకుతాయి, అక్కణ్ణుంచి వెనక్కి నడవడం తేలిక.

మొదటి దస్తావేజు ఫొటో తీసి పంపు, చేతిరాత అర్థం కాని చోట ఇద్దరం కలిసి చూద్దాం.

నాన్న