శీనుకి, ఆరు నెలలు ఆలస్యంగా ఒక నిజం

విశాఖపట్నం

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? ఫోనులో చెబితే మధ్యలోనే తిట్లు మొదలెడతావని ఉత్తరం రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే కాగితాన్ని తిట్టుకో, నాకు వినపడదు.

సంగతి మీ గృహప్రవేశం ఫోటోల గురించి. "ల్యాబ్ వాడు పాడుచేశాడు" అని అప్పట్లో చెప్పాను కదా. అబద్ధం. అసలు ల్యాబే లేదు. మా బాత్రూములో ఫిల్ము నేనే కడిగాను. పాడుచేసిందీ నేనే. లెన్స్ మీద మూత తీయకుండా పద్నాలుగు ఫోటోలు కొట్టాను. ఆవు లోపలికి రావడం, నువ్వు గుమ్మడికాయ పగలగొట్టడం, చెల్లెమ్మ పాలు పొంగించడం, మొత్తం ఆ పద్నాలుగులోనే అయిపోయింది. చివరికి మీ పంతులుగారు తీర్థం ఇస్తూ, "బాబూ, దానికి ఆ మూత అలాగే ఉండాలా?" అని మెల్లిగా అడిగారు. మహానుభావుడు, నలుగురిలో గట్టిగా అనలేదు. అప్పటికి ఆవు వెళ్లిపోయింది. గుమ్మడికాయ మళ్లీ పగలగొట్టమని నిన్నెలా అడగను?

"మూత ఉంటే చీకటిగా కనపడదట్రా?" అంటావు. కనపడదు, అదే దీంట్లో తిరకాసు. ఎస్సెల్లార్ రకం కెమెరాలో అయితే లోపల అద్దం ఉంటుంది, లెన్స్ లోంచే చూస్తాం. నాది రేంజ్‌ఫైండర్ రకం, దాంట్లో మనం చూసే కిటికీ వేరు, ఫిల్ము చూసే లెన్స్ వేరు. లెన్స్‌కి గంతలు కట్టినా మన కిటికీలో లోకం కళకళలాడుతూనే ఉంటుంది. కడిగాక నెగటివ్ చూస్తే పద్నాలుగు గడులూ గాజులా తేటగా ఉన్నాయి. మబ్బు మరక కూడా లేదు.

ఆ కెమెరా ఎవరిదో నీకు గుర్తుండే ఉంటుంది. నాన్న స్టీల్ ప్లాంటులో చేరిన కొత్తలో ట్రైనింగుకని రష్యా పంపితే, వస్తూ వస్తూ తెచ్చుకున్న ఫెడ్-5. మనం అన్నిటినీ రష్యా అనేవాళ్లం కానీ, అది తయారైంది ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో. దాని పేరు వెనక కథ వింటే నవ్వాలో వద్దో తెలీదు. ఫెలిక్స్ ఎద్‌ముందొవిచ్ జెర్జిన్‌స్కీ అని, సోవియట్ రహస్య పోలీసు విభాగాన్ని స్థాపించినవాడు. అతని పేరు మీద దిక్కులేని పిల్లల కోసం అక్కడొక కమ్యూన్ నడిపారు. ఆ కుర్రాళ్లు జర్మన్ల లైకాని విప్పి, ఏది ఎక్కడుందో చూసుకుని, అచ్చం అలాంటిదే తయారుచేశారు. కమ్యూన్ ఎవరి పేరు మీద ఉందో ఆయన పేరులోని మొదటి అక్షరాలే కెమెరాకి పెట్టారు. 1934 నుంచి వరసగా తయారుచేయడం మొదలెట్టారు. అసలు లైకా-2 వచ్చింది 1932లో! రెండేళ్లలో దింపేశారన్నమాట. నాన్న దగ్గరున్నది ఆ వంశంలో చాలా తరాల తర్వాతది. లెన్స్ నంబరు 86తో మొదలవుతుంది. సోవియట్ లెన్సుల్లో మామూలుగా మొదటి రెండంకెలే పుట్టిన సంవత్సరం, జాతకం వెతకక్కర్లేదు.

నాన్న పోయాక బీరువా సర్దుతుంటే తోలు కేసుతో సహా దొరికింది. లోపల ఒక ఖాళీ ఇందు ఫిల్ము డబ్బా. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు చేసేవారు చూడు, అది. కంపెనీ మూతపడింది కానీ మూత తీస్తే వాసన మాత్రం ఇంకా ఉంది. షట్టరు నొక్కితే పలికింది. అప్పుడు పట్టిందిరా ఈ పిచ్చి.

రాత్రి లైట్లార్పి, లెన్స్ తీసి, వెనక తలుపు తెరిచి, టార్చి వేసి చూశాను. ఈ కెమెరాలో షట్టరంటే నల్లటి గుడ్డ తెర. ఆ తెర మీద ఐదు చుక్కలు మెరిశాయి, ఆకాశంలో నక్షత్రాల్లా. అవన్నీ చిల్లులు. అద్దం లేదు కాబట్టి, మూత తీసి ఎండలో సూర్యుడికేసి పెడితే లెన్స్ భూతద్దమైపోయి తెరని కాల్చేస్తుంది. భీమిలి బీచిలో మనం ఆడుకుంటుంటే నాన్న కెమెరా ఒళ్లో పెట్టుకుని కునుకు తీసేవాడే, ఆ పుణ్యమే అయ్యుంటుంది. జగదాంబ దగ్గర ఒక పాత మెకానిక్ గారు ఉన్నారు, నల్లటి రబ్బరు ద్రవం సన్న కుంచెతో ఒక్కో చిల్లు మీదా అద్దారు. లెన్స్‌లో గ్రీజు గట్టిపడి తుమ్మబంకలా ఉంటే అదీ మార్చారు. "లివర్ లాగి షట్టరు బిగించాకే స్పీడు మార్చాలి, ముందు మార్చావా, మళ్లీ నా దగ్గరికే వస్తావు" అన్నారు. చిన్నప్పుడు అమ్మ చేతులు కడుక్కున్నావా అని అడిగినట్టు, ఇప్పటికీ వెళ్లిన ప్రతిసారీ ఆ మాటే అడుగుతారు.

ఇక దీని అసలు ఆట ఫోకస్. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడు, ఎంత కష్టమో. రెండు కళ్ల మధ్య ఎడం ఉండబట్టే మనకి దూరం తెలుస్తుంది. ఈ కెమెరాకీ అలాగే రెండు కిటికీలు. రెండో కిటికీ బొమ్మ మన కిటికీ మధ్యలో చిన్న పసుపు మచ్చలా పడుతుంది. లెన్స్ తిప్పుతుంటే ఆ మచ్చలోని బొమ్మ పక్కకి జరుగుతుంది. రెండూ ఒకటైపోతే ఫోకస్ కుదిరినట్టు. కిటికీల మధ్య ఎడం పెరిగేకొద్దీ లెక్క కచ్చితం. యుద్ధం తర్వాత జర్మనీ నుంచి కాంటాక్స్ కెమెరాలు చేసే యంత్రాలు తరలించుకుపోయి కీవ్‌లో చేసిన కెమెరాల్లో ఆ ఎడం 90 మిల్లీమీటర్లు. కాకపోతే వాటిని పట్టుకుంటే మన వేలు సరిగ్గా రెండో కిటికీకే అడ్డంపడుతుంది. ఒకటి కొన్నాను, నెల తిరక్కుండా అమ్మేశాను.

మనది సరిగ్గా ఉందో లేదో చూద్దామని బీచ్ రోడ్డులో నిలబడి డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌కి గురిపెట్టాను. లెన్స్ అనంతం గుర్తు దగ్గరుంది, అంటే బాగా దూరంలో ఉన్నవి ఒకటిగా కనపడాలి. కొండ మీద రెండు లైట్‌హౌసులు! పక్కపక్కనే, కవల పిల్లల్లా. మెకానిక్ గారు చిన్న స్క్రూడ్రైవరుతో పావు చుట్టు తిప్పితే ఒకటి వచ్చి రెండోదాంట్లో కలిసిపోయింది. పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లు నన్ను చూసి ఏమనుకున్నారో గానీ, నేను మాత్రం గట్టిగా అరిచేశాను.

మోసపోయింది కూడా చెప్పేస్తాను, ఎలాగూ పరువు పోయింది. ఆన్‌లైన్‌లో ఒకడు యుద్ధకాలం నాటి లైకా అన్నాడు, బంగారు పూత, గద్ద ముద్ర. ఎగబడి కొన్నాను. తీరా లెన్స్ విప్పి చూస్తే లోపల లెన్స్‌కి ఆనుకునే ముక్క కన్నీటి చుక్క ఆకారంలో ఉంది. లైకాలో అయితే గుండ్రటి చక్రం ఉంటుంది. నాదేమో మాస్కో పక్కన క్రాస్నొగోర్స్క్‌లో పుట్టిన జోర్కీ అనే సోవియట్ కెమెరా, పైన లైకా వేషం. మీ చెల్లెలికి ఇప్పటికీ దాని ధర చెప్పలేదు, నువ్వూ చెప్పకు. అయితే ఫోటోలు బాగానే తీస్తుందిరా వేషధారి.

కొన్నవాటిలో నిజంగా కళ్లకద్దుకునేది ఒకే ఒక్కటి. జూపిటర్-8 అని 50 మిల్లీమీటర్ల లెన్స్. లుడ్విగ్ బెర్టెలే అనే జర్మన్ ఇంజనీరు జైస్ కంపెనీలో గీసిన సోనార్ లెన్స్ నమూనాకి సోవియట్ రూపం. మర తిప్పి నాన్న కెమెరాకి బిగించుకోవచ్చు. వెలుగు వచ్చే రంధ్రం పూర్తిగా తెరిస్తే మధ్యలో పదును, అంచులకి పోయేకొద్దీ వెన్న. కొత్త లెన్సుల్లా మొహం మీద ప్రతి ముడతా లెక్కపెట్టి అప్పజెప్పదు.

మీ ఇంట్లో ఆ రోజు కెమెరాకి ఉన్నది అదే. పంతులుగారి పుణ్యాన పదిహేనో ఫోటో నుంచి మూత లేదు. మీ అమ్మ హాల్లో సందడికి దూరంగా, వంటింటి గుమ్మం పక్కన పీట మీద కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తోంది. కిటికీ వెలుగు ఒక చెంప మీదే పడుతోంది. కళ్లజోడు అంచు రెండుగా కనపడుతుంటే కలిపాను. షట్టరు ముప్పయ్యో వంతు సెకను, లెన్స్ పూర్తిగా తెరిచి, ఊపిరి బిగబట్టి నొక్కాను. అద్దం ఎగిరిపడే చప్పుడు లేదు కదా, తల కూడా ఎత్తలేదు.

మే నెలలో మా కుళాయి నీళ్లు టీ పెట్టుకోవచ్చు అన్నట్టుంటాయి. ఫిల్ము కడిగే మందు డెవలపర్‌కేమో ఇరవై డిగ్రీలు కావాలి. ఫ్రిజ్‌లో ఐసంతా బకెట్లో పోసి, మజ్జిగలోకి ఐసు లేదని చివాట్లు తిని కడిగాను. తర్వాత బట్టల తాడుకి క్లిప్పు పెట్టి ఆరేశాను. మిగతా ఇరవై రెండింట్లో సగం కదిలిపోయాయి. ఇది మాత్రం నిలబడింది. ప్రింటు ఈ కవరులోనే ఉంది, అంచులు పట్టుకుని తియ్యి, బొమ్మ మీద వేలు పెట్టకు. అమ్మకి చూపించు. "జుట్టు చెదిరింది, చెప్పి తీయొచ్చుగా" అంటుంది, నాకు తెలుసు.

ఇప్పుడు రెండో విషయం. సిగ్గులేదనుకో, పర్లేదు. మీ మావయ్యగారు సింగపూర్ నుంచి తెచ్చిన యాషికా ఎలక్ట్రో 35 కెమెరా మీ పాతింటి అటక మీద ఉండాలి. పారేశావా? పారేయకపోతే, ముందు ఆ తోలు కేసులోంచి బయటకి తియ్యి, చెమ్మ పట్టి లెన్స్‌కి బూజు పడుతుంది. కింద బ్యాటరీ మూత విప్పి చూడు, పాత పాదరసం బ్యాటరీ ఉంటే చేత్తో ముట్టుకోకుండా తీసెయ్. ఆ రకం ఇప్పుడు రాదు, ఆరు వోల్టులది సర్దుకోవచ్చు. అసలు బ్యాటరీ లేకపోయినా ఐదువందలవ వంతు సెకనులో కొడుతుంది. తర్వాత లివర్ లాగి, చెవి దగ్గర పెట్టుకో. లోపల "టక్" మని ఒక చప్పుడు రావాలి. రాకపోతే లోపలున్న చిన్న రబ్బరు మెత్త అరిగిపోయినట్టు. అయినా ఫర్వాలేదు, మెకానిక్ గారు ఉన్నారు.

టక్ అందో లేదో ఫోన్ చేసి చెప్పు. తిట్లు ఆ తర్వాత.

నీ
రాంబాబు