'భీష్మ ప్రతిజ్ఞ' కోసం బయటి దేశాల్లోనూ వెతకాలి

సంపాదకులకు నమస్కారం. జాడ లేకుండా పోయిన మన పాత మూకీ (మాటలు వినిపించని సినిమా) 'భీష్మ ప్రతిజ్ఞ' గురించి ఈ ఉత్తరం.

ఈమధ్య 1925 నాటి 'ప్రేమ్ సన్యాస్' అనే మూకీ చూశాను. బుద్ధుడి కథ. హిమాంశు రాయ్‌తో కలిసి దాన్ని తీసింది మ్యూనిక్ నుంచి వచ్చిన దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్. స్టూడియో సెట్లు, కృత్రిమ దీపాలు, మేకప్ లేకుండా మొత్తం ఇండియాలోనే తీశామని సినిమా మొదట్లోనే గొప్పగా వేసుకున్నారు. ఆ తర్వాత తాజ్‌మహల్ కథతో 'షిరాజ్' (1928), భారతంలోని జూదం ఆధారంగా 'ప్రపంచ పాశ్' (1929) కూడా ఇక్కడికొచ్చే తీశారు. కథనం నాకంత ఎక్కలేదు. ఏనుగులూ మహారాజులూ మరీ ఎక్కువ, దొరల కోసం తీసినట్టుంది. కానీ ఎండలో కళ్లు చికిలిస్తూ నిలబడ్డ ఆ జనం మాత్రం నిజం మనుషులు. వందేళ్ల కిందటి మనవాళ్లు!

ప్రింట్లు విదేశాల్లో భద్రంగా ఉండబట్టి ఇవి మిగిలాయి. 'షిరాజ్'ను లండన్‌లో బాగుచేసి 2017లో సితార్ కళాకారిణి అనౌష్క శంకర్ సంగీతంతో మళ్లీ చూపించారు.

మరి మనవి? తెలుగు సినిమాకు ఆద్యుడైన రఘుపతి వెంకయ్య నాయుడు తన కొడుకు ప్రకాశ్‌ను లండన్ పంపి సినిమా తీయడం నేర్పించారు. తండ్రీకొడుకులు మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) ఇప్పుడు లేదు. దేశంలో దాదాపు 1,300 మూకీలు తీస్తే, ముక్కలతో కలిపినా మిగిలినవి ముప్పై దాకానే. ఆ రోజుల ఫిల్ము ఇట్టే అంటుకునేది. కాలిపోయినవి కొన్ని, ఫిల్ములో ఉండే వెండి కోసం కరిగించినవి కొన్ని. చిన్నప్పుడు మేమూ పాత సామాన్ల కొట్లో ఫిల్ము ముక్కలు కొని, బల్బులో నీళ్లు పోసి, అద్దంతో ఎండ పట్టి పంచె మీద బొమ్మలు వేసుకున్నాం. అవి ఏ సినిమాలవో ఒక్కరమూ అడగలేదు.

వెంకయ్య గారి పేరిట అవార్డులు ఇస్తున్నాం, మంచిదే. ఆయన బర్మా, సిలోన్ దాకా తిరిగి సినిమాలు చూపించిన మనిషి. యాంగోన్ (రంగూన్), కొలంబో, లండన్‌లలో పాత సినిమాలు దాచే ఆర్కైవులకు రెండు తెలుగు ప్రభుత్వాలూ కలిసి ఉత్తరాలు రాస్తే పోయేదేముంది? దొరక్కపోవచ్చు. ఈలోగా గోడౌన్లలో మూలుగుతున్న మన నలుపు తెలుపు సినిమాల నెగెటివ్‌లనైనా ఏసీ గదుల్లోకి మార్చి, ఏది ఎక్కడుందో ఒక జాబితా బయటపెట్టాలని మనవి.

— ఒక పాఠకుడు, తెనాలి