మెదడుతో తన్నిన బంతి

ప్రియమైన రవీ,

పరిశోధనలో మునిగినవాళ్ళకు మరో లోకం పట్టదని నువ్వు రాసినప్పటి నుంచి నీకు మెదడు శాస్త్రవేత్త మిగెల్ నికోలెలిస్ గురించి చెప్పాలని ఉబలాటపడుతున్నాను. 1961లో బ్రెజిల్‌లోని సావో పాలోలో పుట్టి, అక్కడే వైద్యం చదివిన ఆయన, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మరో మెదడు శాస్త్రవేత్త జాన్ చేపిన్‌తో కలిసి పనిచేసి, ఆపైన డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా స్థిరపడ్డారు. పాల్మెయిరాస్ ఫుట్‌బాల్ జట్టంటే ఆయనకు ప్రాణం. ఆ పిచ్చి ఆయనకు కేవలం కాలక్షేపం కాదనీ, పరిశోధన ఏ రూపం తీసుకోవాలో కూడా అదే నిర్ణయించిందనీ నా అభిప్రాయం.

చాలామంది శాస్త్రవేత్తలు ఒక్కొక్క న్యూరాన్‌నే, అంటే మెదడులోని నాడీకణాన్నే, విడిగా పరిశీలిస్తున్న కాలంలో, వీళ్ళిద్దరూ సన్నని తీగలను మెదడులో అమర్చి అనేక న్యూరాన్ల సంకేతాలను ఒకేసారి నమోదు చేశారు. ఒక్క ఆటగాడి పరుగు చూసి బంతి ఎటు పోతుందో చెప్పలేనట్టే, ఒక్క న్యూరాన్‌ను విని కదలిక ఎటో చెప్పలేమన్నది వాళ్ళ వాదన. 1999లో ఎలుకలు మీటను కాలితో నొక్కకుండానే, మెదడు సంకేతాలతోనే యంత్రాన్ని కదిలించి నీళ్ళు తాగగలవని చూపించారు. 2003లో అరోరా అనే కోతి జాయ్‌స్టిక్‌తో ఆట ఆడుతుండగా దాని సంకేతాలతో రోబో చేతిని నడిపించారు; జాయ్‌స్టిక్ తీసేశాక కూడా ఆట సాగింది, కొన్నాళ్ళకు కోతి తన చేతిని కదిలించడమే మానేసింది. నాకు మరీ నచ్చినది 2008 నాటి ప్రయోగం. ఇడోయా అనే కోతి అమెరికాలో ట్రెడ్‌మిల్ మీద నడుస్తుంటే, ఆ సంకేతాలతో జపాన్‌లోని క్యోటోలో ఒక రోబో అడుగులు వేసింది. ట్రెడ్‌మిల్ ఆపేశాక కూడా, ఎదురుగా తెరపై రోబో కాళ్ళను చూస్తూ, ఆ కోతి సుమారు మూడు నిమిషాలు దాన్ని ఆలోచనతోనే నడిపించింది!

ఇక ఫుట్‌బాల్ సంగతి. 2014 జూన్ 12న ప్రపంచ కప్ ప్రారంభోత్సవంలో, నడుము కింద చచ్చుబడిన జూలియానో పింటో, తలకు మెదడు సంకేతాలను పట్టే ఎలక్ట్రోడ్ల టోపీ, ఒంటికి ఆ సంకేతాలతో కదిలే, నికోలెలిస్ బృందం రూపొందించిన లోహపు కవచం ధరించి బంతిని తన్నాడు. విచిత్రమేమిటంటే అది పాల్మెయిరాస్‌కు బద్ధశత్రువైన కొరింథియన్స్ మైదానం. టీవీలో ఆ దృశ్యం కొన్ని క్షణాలే కనిపించింది. తలపై నుంచి అందే సంకేతం ముతకదనీ, శాస్త్రం కన్నా ఆర్భాటమే ఎక్కువనీ విమర్శలు వచ్చాయి. వాటిలో కొంత నిజముంది. ఫుట్‌బాల్ అభిమాని కాని శాస్త్రవేత్త ఆ వేదికను ఎంచుకునేవాడే కాదు.

అయితే అసలు విశేషం 2016లో వెలువడింది. ఏళ్ళ తరబడి కాళ్ళు కదలని ఎనిమిదిమందికి ఈ పద్ధతిలో ఏడాదిపాటు తర్ఫీదు ఇస్తే, గాయానికి దిగువన స్పర్శ, కొన్ని కండరాలపై అదుపు తిరిగి వచ్చాయట. వారిలో సగంమందిని పూర్తి పక్షవాతం వర్గం నుంచి పాక్షికం వర్గానికి మార్చారు. వెన్నుపాములో తెగకుండా మిగిలిన కొన్ని నాడీతంతువులు మళ్ళీ పనిలోకి వచ్చి ఉంటాయని ఆయన బృందం ఊహ. పోల్చి చూడడానికి మరో బృందం లేకపోవడం ఆ అధ్యయనంలో లోపమే గాని, నాకైతే ఆ మైదానంలో తన్నిన బంతి కన్నా ఇదే విలువైనదిగా తోచింది. వైద్యం తెలిసినవాడివి కదా, వీలు చూసుకుని ఆ వ్యాసం చదివి నీ అభిప్రాయం రాయి.

నీ
మాధవ్