చిన్నా, ఆ కారు నువ్వు నడపకు

గుంటూరు

చిన్నా,

ఆశీస్సులు. టెక్సస్‌లో కారులో పిస్తోలు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని, నీ రూమ్మేటు దాన్ని గ్లవ్ బాక్సులోనే ఉంచుకుంటాడని నిన్న ఎంత తేలిగ్గా చెప్పావు! పైగా క్రిస్మస్ సెలవుల్లో అదే కారును వంతులవారీగా నడుపుకుంటూ డల్లాస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వెళ్తారట. ఫోన్లో వాదిస్తే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. అమ్మ భయంగా కాదు, క్రిమినల్ కోర్టు వకీలు మాటగా చదువు.

నీ స్నేహితుడు చెప్పింది అబద్ధం కాదు. సొంత కారులో పిస్తోలు బయటికి కనబడకుండా పెట్టుకోవడానికి టెక్సస్ 2007లోనే వీలు కల్పించింది. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు బయట తిరిగేటప్పుడు కూడా లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవచ్చు. అయితే ఆ చట్టంలోనే ఒక మెలిక ఉంది. తుపాకి ఉంచుకోకూడదని వేరే చట్టం నిషేధించినవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ఆ అబ్బాయి అక్కడే పుట్టాడు, పౌరుడు. నువ్వు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నావు. ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నా చట్టం మిమ్మల్ని ఒకేలా చూడదు.

అమెరికా అంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం 922వ సెక్షన్ ప్రకారం విద్యార్థి, ఉద్యోగ, సందర్శక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి కాదు కదా, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు ఉన్నవాళ్లకూ మరికొందరికీ మినహాయింపులున్నాయి. వాటి జోలికి నువ్వు వెళ్లనే వద్దు. 2022లో గరిష్ఠ శిక్షను 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచారు. జైలు తప్పినా, తుపాకి నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదే చాలు.

2019లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రెహైఫ్ కేసు చదువు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి విద్యార్థి వీసా మీద ఫ్లోరిడా వచ్చిన కుర్రాడు. మార్కులు రాక కాలేజీ తీసేసింది. ఆ తర్వాత షూటింగ్ రేంజికి వెళ్లి తుపాకి కాల్చాడు, కేసులో ఇరుక్కున్నాడు. తాను నిషేధం ఉన్న వర్గంలోకి వస్తానని అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాల్సిందేనని కోర్టు అంది. నీకు ఆ వాదన కూడా మిగలదు. నీ వీసా ఏమిటో నీ పాస్‌పోర్టులోనే అచ్చయి ఉంది. మీవాళ్లు రేంజికి వెళ్లి తుపాకి పట్టుకుని ఫోటోలు దిగుతుంటారని విన్నాను. నువ్వు ఆ సరదా మానుకో.

"తుపాకి వాడిది, నాకేం సంబంధం?" అంటావేమో. మన ఆయుధాల చట్టం కిందైనా అక్కడైనా, తుపాకి చేతిలో ఉంటేనే స్వాధీనం అనుకోకూడదు. అది ఉందని తెలిసి, నీ అదుపులో ఉంటే చాలు. మన సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో ఈ సంగతే విడమరిచి చెప్పింది. విమానాశ్రయాల్లో సంచి అడుగున మరిచిపోయిన తూటా దొరికినవాళ్ల కేసులను మన హైకోర్టులు కొట్టేస్తుంటాయి. అది అక్కడుందని వాళ్లకు తెలియకపోవడమే కారణం. నీకు తెలుసు, నిన్న నువ్వే నాతో చెప్పావు. పక్క సీట్లో కూర్చున్నంత మాత్రాన నేరం కాకపోవచ్చు. కానీ స్టీరింగు నీ చేతిలో, తాళాలు నీ దగ్గర, తుపాకి నీ చేతికందే దూరంలో ఉంటే ప్రాసిక్యూటరుకు ఇంకేం కావాలి?

ఇక దారి సంగతి. పెన్సిల్వేనియాలో కారులో పిస్తోలు ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి. న్యూజెర్సీ ఇంకా కఠినం. పర్మిట్ లేకుండా పిస్తోలు దొరికితే 5 నుంచి 10 ఏళ్ల శిక్ష పడే నేరం. 2013లో పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లిని న్యూజెర్సీలో ట్రాఫిక్ పోలీసు ఆపాడు. పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది కదా అన్న ధైర్యంతో తన దగ్గర తుపాకి ఉందని తనే చెప్పింది. అరెస్టు చేశారు. చివరికి 2015లో గవర్నరు క్షమాభిక్ష పెడితే గాని బయటపడలేదు. తూటాలు తీసేసి, తుపాకి డిక్కీలో పెట్టుకుంటే రాష్ట్రాల మీదుగా వెళ్లనిచ్చే 1986 నాటి ఫెడరల్ రక్షణ ఒకటుంది. అయితే బయలుదేరిన చోటా, చేరే చోటా చట్టబద్ధంగా తుపాకి వెంట ఉంచుకోగలిగినవాళ్లకే అది. మీరు చేరేది ఎడిసన్. కాబట్టి ఆ అబ్బాయికి కూడా అది అక్కరకు రాదు.

ఇంకో సంగతి. కారు కాగితాలు, ఇన్సూరెన్సు కూడా ఆ గ్లవ్ బాక్సులోనే ఉంటాయి కదా. పోలీసు ఆపి కాగితాలు అడిగితే నువ్వు చెయ్యి పెట్టేది ఎక్కడ? 2016లో మిన్నెసోటా రాష్ట్రంలో ఫిలాండో కాస్టీల్ అనే అతని కారును పోలీసు ఆపాడు. అతనికి తుపాకి పర్మిట్ ఉంది. తన దగ్గర తుపాకి ఉందని పోలీసుకు మర్యాదగానే చెప్పాడు. క్షణాల్లో కాల్చేశారు. కాల్చిన అధికారి నిర్దోషిగా బయటికొచ్చాడు. ఎవరి కారులో ఉన్నా సరే, పోలీసు ఆపితే చేతులు స్టీరింగు మీదే ఉంచు. అడిగింది తీసే ముందు ఎక్కడి నుంచి తీస్తున్నావో చెప్పు.

ఆ అబ్బాయితో తగువు పెట్టుకోకు, మంచివాడే. నీ వీసా సంగతి వివరించి, తుపాకీ తూటాలూ ఇంట్లో లాకర్‌లో పెట్టి రమ్మను. నువ్వు కారంతా వెతకనక్కర్లేదు, తీసి పెట్టే పని అతనిదే. ఆ లాకరు తాళంచెవి గాని, నంబరు గాని నీకు తెలియకూడదు. కుదరదంటే అద్దె కారు తీసుకోండి, నీ వాటా డబ్బు నేను పంపుతాను. ఏమన్నాడో శనివారం ఫోన్లో చెప్పు.

అమ్మ